అలవాటు లేదండి

మా నాన్న పొగాకు రైతు. కొండపి వైపు మా ఊళ్ళో ఐదెకరాల వర్జీనియా తోట, ఆకు ఆరబెట్టే బ్యారన్ ఒకటి. నా కాలేజీ ఫీజులు, అక్క పెళ్ళి, డాబా మీద వేసిన రెండు గదులు, అన్నీ ఆ ఆకు మీద వచ్చినవే. అలాంటి ఇంట్లో పుట్టినవాడు సిగరెట్ మానడం గురించి రాస్తే మా ఊళ్ళో నవ్వుతారు. నవ్వుకోనీ. చిత్రం ఏమిటంటే, మా నాన్న పుట్టి బుద్ధెరిగాక ఒక్క దమ్ము లాగలేదు. లాగింది నేను. 1999లో ఒంగోల్లో డిగ్రీ చదివేటప్పుడు మొదలుపెట్టి 23 ఏళ్ళు లాగాను.

చీమకుర్తిలో ఒక గ్రానైట్ యార్డులో లెక్కలు రాస్తాను. బ్లాకుల కొలతలు, లారీల బిల్లులు, కూలీల బట్వాడా. అప్పట్లో రోజుకు 12 సిగరెట్లు, ఒక్కోటి పది రూపాయల రకం, నెలకు 3,600. యార్డు లెక్కలన్నీ పైసాతో సహా తేల్చేవాణ్ణి, ఈ లెక్క మాత్రం ఎప్పుడూ కాగితం మీద పెట్టలేదు. ఒకసారి మా ఆవిడే పెట్టి చూపించింది. "అబ్బో" అన్నాను. బయటికెళ్ళి ఒకటి వెలిగించుకున్నాను. డబ్బు లెక్క చూపిస్తే మనిషి మారతాడని ఎవరన్నా అంటే నేను నమ్మను.

పెట్టె మీద బొమ్మ సంగతీ అంతే. 2016 నుంచి పెట్టెకు రెండు వైపులా 85 శాతం మేర హెచ్చరికే ఉంటుంది. కానీ మాలాంటివాళ్ళలో పెట్టె కొనేదెవరు? విడిగా ఒకటి, మహా అయితే రెండు. పెట్టె యార్డు దగ్గర టీ కొట్టు బాబాయ్ దగ్గరే ఉంటుంది, మన చేతికి వచ్చేది సిగరెట్ ఒక్కటే. ఆ పుండు బొమ్మను రోజంతా చూసేది పాపం ఆయనే.

మానడానికి చేసిన ప్రయత్నాలు చాలానే ఉన్నాయి. జనవరి ఒకటో తారీఖులు, పుట్టినరోజులు. ఒకసారి పాప తల మీద చెయ్యిపెట్టి ఒట్టు కూడా వేశాను, తొమ్మిదో రోజు ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను. వాటి గురించి చెప్పుకోవడానికేమీ లేదు, అందరి కథలూ అలాగే ఉంటాయి. చెప్పుకోవాల్సింది మాల గురించి.

అయ్యప్ప మాల మూడుసార్లు వేశాను. మూడుసార్లూ 41 రోజులు సిగరెట్ ముట్టలేదు. మాల వేసుకుని చాటుగా తాగే స్వాములూ ఉంటారు, నాకు తెలుసు, కానీ నేను తాగలేదు. పెద్దగా కష్టం కూడా అనిపించలేదు. మొదటి నాలుగైదు రోజులు తల బరువుగా ఉండేది, అంతే. తెల్లవారుజామున చన్నీళ్ళు, పూజ, నల్లబట్టలు, చెప్పుల్లేని కాళ్ళతో యార్డులో రాళ్ళ ముక్కల మీద నడక. టీ కొట్టు దగ్గర నిలబడితే బాబాయ్ గ్లాసు విడిగా కడిగి, "స్వామీ, టీ" అని ఇచ్చేవాడు. పక్కనే పది మంది పొగ వదులుతుండేవాళ్ళు. నన్ను చూసి కాస్త పక్కకు జరిగేవాళ్ళు కూడా. ఒక్కడు కూడా "ఒకటే కదా, తీసుకో" అనలేదు.

మాల తీసిన రోజు? మొదటిసారి, 2016లో, గురుస్వామి మెడలోంచి మాల తీసి పళ్ళెంలో పెట్టిన పది నిమిషాలకు గుడి వెనక సందులో ఉన్నాను. ఇంకా నల్లపంచె కూడా మార్చలేదు. రెండోసారీ అంతే. మూడోసారి 2023 జనవరిలో. అప్పుడు మాత్రం ఆ మొదటి దమ్ముకు కళ్ళు తిరిగి గోడ పట్టుకున్నాను. పట్టుకుని, రెండో దమ్ము లాగాను.

ఆ నెలాఖరున దగ్గు తగ్గడం లేదని ఒంగోల్లో ఊపిరితిత్తుల డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. గ్రానైట్ దుమ్ము వల్లేమోనని నా అనుమానం. అలా అనుకుంటే నాకు సుఖం. మేడం ఎక్స్‌రే చూసి పక్కన పెట్టి, "నిద్ర లేచాక మొదటి సిగరెట్ ఎంతసేపటికి తాగుతారు?" అని అడిగారు. రోజుకు ఎన్ని అని అడుగుతారనుకున్నాను, దానికి ఎనిమిది అని అబద్ధం రెడీగా పెట్టుకున్నాను. ఈ ప్రశ్నకు అబద్ధం తోచలేదు. "పళ్ళు తోముకోకముందేనండి" అన్నాను.

ఆవిడ తిట్టలేదు. అలవాటు ఎంత గట్టిదో ఆ ఒక్క ప్రశ్నతో చాలావరకు తెలిసిపోతుందన్నారు. పొగ పీల్చిన పది సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరుతుందట. రెండు గంటలకు రక్తంలో దాని మోతాదు సగానికి పడిపోతుందట. రాత్రంతా తాగం కాబట్టి పొద్దున్నే ఒళ్ళు దాన్ని అడుగుతుంది. అందుకే పొద్దుటి సిగరెట్ అంత రుచి. "టెన్షన్ తగ్గడానికి తాగుతున్నా అంటారు కదా. ఆ టెన్షన్‌లో సగం ముందు సిగరెట్ పెట్టి పోయిందే" అన్నారు. అప్పుడు నేను మాల సంగతి చెప్పాను, కాస్త గొప్పగానే. నేను తలచుకుంటే 41 రోజులు ఉండగలను మేడం అని.

ఆవిడ రాస్తున్న పెన్ను ఆపారు. "నికోటిన్ నాలుగు రోజుల్లో ఒంట్లోంచి పోతుంది. చిరాకు, నిద్ర పట్టకపోవడం లాంటివి మూడు నాలుగు వారాల్లో సద్దుమణుగుతాయి. అంటే 41వ రోజుకు మీ ఒళ్ళు దాన్ని అడగడం మానేసింది. మరి 42వ రోజు అడిగిందెవరు?"

దగ్గు మందు రాసిచ్చారు, నికోటిన్ గమ్ 2 మిల్లీగ్రాములది రాసిచ్చారు. పొగాకు మానేవాళ్ళకు ఫోన్లో సాయం చేసే 1800-11-2356 అనే నంబర్ కూడా రాసి, "ఇది సిగరెట్ పెట్టె మీదే ఉంటుంది, చూడలేదా?" అన్నారు. విడిగా కొనేవాణ్ణి, నాకేం తెలుసు.

బైక్ మీద తిరిగొస్తూ ఆ ప్రశ్నే నమిలాను. 42వ రోజు అడిగిందెవరు? మాలలో ఉన్నప్పుడు నేనేం చేసేవాణ్ణో నిజాయితీగా గుర్తు చేసుకుంటే జవాబు దొరికింది. రోజులు లెక్కపెట్టేవాణ్ణి. ఇంకా 20, ఇంకా 12, ఇంకా ఐదు. భజనలో కూర్చుని కూడా. అంటే నేను మానలేదు, వాయిదా వేశాను. సిగరెట్ తాగేవాడు లోపల బాసిపట్లు వేసుకుని కూర్చుని తన రోజు కోసం చూస్తున్నాడు. బయట ఉన్నది స్వామి. మాల తియ్యగానే స్వామి వెళ్ళిపోయాడు, వాడు లేచొచ్చాడు.

అయినా స్వామిగా ఉన్నన్నాళ్ళూ కష్టం లేకపోవడం నిజమే కదా. అదే నన్ను పట్టుకుంది. నా పట్టుదల ఎప్పుడూ తొమ్మిది రోజులకు మించి పనిచేయలేదు. మాల పనిచేసింది. ఎందుకంటే మాలలో నేను "తాగకుండా ఓర్చుకుంటున్న పొగరాయుణ్ణి" కాదు, అసలు వేరే మనిషిని.

ఆ నంబర్‌కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడారు. మానే తేదీ ఒకటి మీరే పెట్టుకోండి అన్నారు. పండగా, పుట్టినరోజూ వద్దనుకుని 2023 ఫిబ్రవరి 7 పెట్టుకున్నాను. మంగళవారం. ఫోన్లో అమ్మకు చెబితే, "మంగళవారం ఏం మొదలుపెడతావురా, బుధవారం పెట్టుకో" అంది. "మొదలుపెట్టడం కాదమ్మా, ఆపడం" అన్నాను. కాసేపు ఆలోచించి, "అయితే సరే" అంది.

మొదటి రోజు గమ్ మామూలు చూయింగ్ గమ్‌లా నమిలేశాను. ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. గంటసేపు ఆగలేదు. మా ఆవిడ "ఎవరో తలుచుకుంటున్నారు" అంది. ఎవరు తలుచుకుంటున్నారో నాకు తెలుసు. తర్వాత కాగితం చదివితే తెలిసింది, మెల్లగా నమిలి, నాలుక మీద మిరియపు ఘాటులాంటిది తగలగానే బుగ్గలో పెట్టి ఉంచాలట. ఘాటు తగ్గాక మళ్ళీ నమలాలి. టీ, కాఫీలు తాగిన వెంటనే వేసుకుంటే సరిగా పనిచేయదు, పావుగంట ఆగాలి. టీ తర్వాత పావుగంట! అదే కదా అసలు గండం.

మూడో రోజు ఘోరం. 2.9 మీటర్ల బ్లాకును కంప్యూటర్‌లో 29 మీటర్లని ఎక్కించి బిల్లు తీసి చేతిలో పెట్టాను. లారీ డ్రైవర్ దాన్ని తిరగేసి మరగేసి చూసి, "సార్, దీనికి నా బండి చాలదు, గూడ్సు రైలు పిలిపించండి" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు మాత్రం వాడి మీద చెయ్యి చేసుకోవాలన్నంత కోపం వచ్చింది. కుర్చీలోంచి లేచి నేరుగా బాబాయ్ కొట్టుకు నడిచాను. కొట్టు రాటకు పురికొసతో కట్టిన లైటర్ వేలాడుతుంటుంది. గాలికి అటూ ఇటూ ఊగుతోంది. నా ఎడమ చెయ్యి దాన్ని ఆపింది. నేను ఆపమనలేదు, చెయ్యే ఆపింది. బొటనవేలు దాని చక్రం మీద పడింది. అక్కడ నా వేలి చర్మం కాస్త గట్టిపడి ఉంటుంది, ఆ గట్టిపడిన చోటే సరిగ్గా కూర్చుంది.

లైటర్ వదిలేసి మజ్జిగ అడిగాను. ఫోన్లో అమ్మాయి చెప్పింది, తాగాలన్న ఆ ఊపు కొన్ని నిమిషాలే ఉంటుంది, అలలా లేచి పడిపోతుంది, గడియారం చూసుకోండి అని. చూసుకున్నాను. 11:08 నుంచి 11:13. ఐదు నిమిషాలు. దీనికోసమా 23 ఏళ్ళు? తర్వాత ఇంకో గంటకు మళ్ళీ వచ్చిందనుకోండి, అది వేరే సంగతి.

నిద్ర సరిగా లేదు, మలబద్ధకం, నోట్లో పుళ్ళు, ఇంట్లో అందరి మీదా అరుపులు. పది రోజులు అలా గడిచాయి. ఆకలి మాత్రం రాక్షసంగా వేసేది. రెండు నెలల్లో నాలుగు కిలోలు పెరిగాను.

అసలు ఇబ్బంది ఒంటిది కాదు, మాటలది. ఎవరైనా సిగరెట్ చాపితే "మానేశాను" అనేవాణ్ణి. అనగానే సంభాషణ మొదలయ్యేది. ఎప్పట్నుంచి? ఎందుకు? డాక్టర్ ఏమన్నాడు? మా బావమరిదీ మానేశాడు, మళ్ళీ మొదలెట్టాడులే. ఒక్కటి తాగితే ఏం కాదులే అన్నా. "మానేశాను" అంటే నాది అది, పక్కన పెట్టాను అని అర్థం. పక్కన పెట్టినదాన్ని మళ్ళీ చేతికివ్వాలని మనవాళ్ళకు మహా సరదా.

మూడో వారంలో అనుకుంటా, స్లాబులు కొనడానికి ఖమ్మం నుంచి ఒకాయన వచ్చాడు. నేను ఆయనకు కొత్త. బ్లాకు చుట్టూ తిరిగి చూస్తూ జేబులోంచి పెట్టె తీసి నా వైపు చాపాడు. నా నోట్లోంచి, ఎలా వచ్చిందో, "అలవాటు లేదండి" అని వచ్చింది. చెవులు వేడెక్కాయి. 23 ఏళ్ళు తాగినవాడు అనే మాటేనా అది? వెనక మా క్రేన్ ఆపరేటర్ కిసుక్కుమన్నాడు. ఖమ్మం ఆయన మాత్రం "మంచిది" అని పెట్టె జేబులో పెట్టుకుని రాయిలో గీత ఉందేమో చూడటం మొదలుపెట్టాడు. అంతే. ఎప్పట్నుంచి లేదు, ఎందుకు లేదు, ఏమీ లేదు.

మన వైపు ఆ మాటకున్న బలం అప్పుడు తెలిసింది. కాఫీ అలవాటు లేదండి అంటే మజ్జిగ తెస్తారు. రాత్రిపూట అన్నం అలవాటు లేదండి అంటే చపాతీ చేస్తారు. బలవంతపెట్టరు. లేని అలవాటును ఎవరూ చేయించరు. సరే, ఇక ఇదే అందాం అనుకున్నాను. మొదట్లో అన్న ప్రతిసారీ దొంగతనం చేసినట్టే ఉండేది.

నెల దాటాక ఊరెళ్ళాను. బ్యారన్లో ఆకు కాలుతోంది. మాకు ఆకు కాల్చడమంటే నిప్పంటించడం కాదు, బ్యారన్లో వేడి పట్టి ఆరబెట్టడం. కర్రలకు అల్లిన పచ్చాకు లోపల వేలాడుతుంటే బయట పొయ్యిలో కట్టె వేస్తూ వేడి మెల్లగా పెంచాలి. ఆకు ముందు పసుపు తిరగాలి, తర్వాత రెక్క ఆరాలి, చివర్న ఈనె. ఐదారు రోజులు రాత్రీ పగలూ కాపలా. వేడి కాస్త అటూ ఇటూ అయితే రంగు పోతుంది, రంగు పోతే ధర పోతుంది. ఆ రాత్రి నాన్నతో మంచం మీద కూర్చున్నాను. పొయ్యిలో జామాయిల్ కట్టె చిటపటమంటోంది. ఉన్నట్టుండి వాసన తగిలింది. తేనె, ఎండుగడ్డి, కొంచెం బెల్లప్పాకం కలిపినట్టు. చిన్నప్పుడు ఆకు అల్లి అల్లి నల్లటి జిగురు పట్టిన అమ్మ చేతులు, బ్యారన్ గోడకు ఆనుకుని చదువుకున్న పదో తరగతి పుస్తకాలు, అన్నీ ఒక్కసారి వచ్చాయి. ఆ వాసన అన్నేళ్ళూ అక్కడే ఉంది. నా ముక్కే లేదు.

"ఏందిరా, వాసన చూస్తన్నావు?" అన్నాడు నాన్న.

"బాగుంది నాన్నా."

"మానేశావంటగా. అమ్మ చెప్పింది." కట్టె ఒకటి లోపలికి తోశాడు. "అందరూ నీలాగా మానేస్తే మన ఆకు ఎవుడు కొంటాడ్రా?" అని తనే నవ్వాడు. ఆయన ఎందుకు తాగలేదో అప్పుడే అడిగాను, అన్నేళ్ళలో మొదటిసారి. పన్నెండేళ్ళప్పుడు మంచు తడి ఆరని ఆకు మధ్యాహ్నం దాకా కోశాడట. సాయంత్రానికి వాంతులు, కళ్ళు తిరగడం, రెండు రోజులు లేవలేదట. ఆకు ఎక్కింది అన్నారట పెద్దవాళ్ళు. తడి ఆకులోని నికోటిన్ చర్మంలోంచే ఒంట్లోకి పోతుంది, అది నాకు తర్వాత తెలిసింది. "చేతికి తగిలితేనే అట్టా పడేసింది, నోట్లో పెట్టుకుంటే ఇంకేమన్నా ఉందా అనుకున్నా" అన్నాడు. నాన్నకు వెళ్ళాల్సిన క్లాసు ఆ ఒక్క పూటతో అయిపోయింది.

మార్చి 14న తప్పు చేశాను. 36వ రోజు. నాన్నతో వేలం కేంద్రానికి వెళ్ళాను. మా బేళ్ళలో, అంటే ఆకు మూటల్లో, నాలుగింటికి బిడ్ పడలేదు. నోబిడ్ చీటీ పెట్టి కొనుగోలుదార్లు ముందుకు నడిచారు. నాన్న ఆ బేళ్ళ పక్కనే నిలబడి గోనెపట్టా సర్దుతున్నాడు, సర్దాల్సిందేమీ లేకపోయినా. చూడలేక బయటికొచ్చాను. ఊరివాడు ఒకడు సిగరెట్ చాపాడు. తీసుకున్నాను. గొంతు మండింది, కళ్ళలో నీళ్ళు, తల తిరిగింది. సగంలో పారేశాను. బేళ్ళకు ధర రాలేదు.

పాత రోజుల్లో అయితే సాయంత్రానికి పెట్టె కొనేవాణ్ణి. వ్రతం చెడింది, ఇంకెందుకు అని. ఆ సాయంత్రం కూడా సరిగ్గా ఆ మాటే మనసులోకి వచ్చింది. కానీ ఫోన్ నంబర్ ఉంది కదా, చేశాను. అవతల ఎవరో వేరే అమ్మాయి. "36 రోజుల్లో ఒక సగం తాగారు. తాగే ముందు ఏం జరిగిందో రాసి పెట్టుకోండి, అది మళ్ళీ వస్తుంది" అంది. అంతకు మించి ఏమీ అనలేదు.

ఆ రాత్రి తట్టిందేమిటంటే, మాలతో నాకు రెండు చిక్కులు. తీసే రోజు ఉంటుంది. మధ్యలో ఒక్కసారి తప్పితే మొత్తం పోతుంది. ఒట్లూ మొక్కులూ అన్నీ ఇంతే. "అలవాటు లేదు"కు ఆ రెండూ లేవు. మా అత్తగారు ఎప్పుడో పెళ్ళిలో కాఫీ తాగింది, అయినా ఆవిడకు కాఫీ అలవాటు లేదు. అలవాటు లేనివాడు ఎప్పుడైనా ఒకటి తాగితే తాగాడు. మర్నాటికి మళ్ళీ అలవాటు లేనివాడే. ఇది తప్పించుకోవడానికి చెప్పే తెలివి అని మీకు అనిపించొచ్చు. నాకు మాత్రం మర్నాడు పొద్దున్నే పళ్ళు తోముకుని తిన్నగా టిఫిన్‌కు కూర్చోవడానికి ఆ తెలివే పనికొచ్చింది. కాగితం మీద రాసుకున్నాను కూడా: నాన్న మొహం, నోబిడ్, వేలం కేంద్రం గేటు. తర్వాత వేలానికి వెళ్ళినప్పుడల్లా బయటికి రాలేదు. నాన్న పక్కనే నిలబడ్డాను.

గమ్ మూడు నెలలకు ఆపేశాను. దగ్గు ఎప్పుడు పోయిందో గమనించలేదు. ఏడాదికి మేడం దగ్గరికి వెళితే గుండెజబ్బు ప్రమాదం తాగేవాళ్ళతో పోలిస్తే ఇప్పటికి సగానికి తగ్గి ఉంటుందన్నారు, బరువు మాత్రం చూసుకోమన్నారు.

మొన్న మళ్ళీ మాల వేశాను. ఇది దేవుడి కోసం వేసిందే. రోజులు లెక్కపెట్టలేదు, తిరిగొచ్చే రైలు టికెట్ చూసుకున్నాకే గానీ ఎన్ని రోజులైందో తెలియలేదు. ఒంగోలు చేరాక గుళ్ళో గురుస్వామి వరసగా అందరి మాలలూ తీశారు. తియ్యగానే మా క్రేన్ ఆపరేటర్ నా భుజం తట్టి గుడి వెనక సందులోకి దారితీశాడు. పాత సందే. రెండు కొని ఒకటి నోట్లో పెట్టుకున్నాడు, రెండోది అలవాటుగా నా వైపు చాపాడు.

"అలవాటు లేదు" అన్నాను.

"నా దగ్గర కూడానా స్వామీ?" అని పడీపడీ నవ్వాడు. రెండోదాన్ని చెవి మీద పెట్టుకున్నాడు. భుజానికి రెండు సంచులున్నాయి, వెలిగించుకోవడానికి చేతులు ఖాళీ లేవు. ఒకటి తీసి నేను పట్టుకున్నాను, ప్రసాదం డబ్బాలున్నది, బరువుది.